చెత్తడబ్బా దాకా ఒక రౌండు

ఒమన్‌లో, నిజ్వా అనే ఊళ్ళో ఉన్న దాదాపు మూడేళ్ళలో నా అంతట నేను బయటి గాలి పీల్చింది రోజుకు నాలుగు నిమిషాలు. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. ఆ నాలుగు నిమిషాలనూ స్విట్జర్లాండులో తయారైన స్టాప్‌వాచీ పెట్టి కొలిచేవాళ్ళు, అదీ కారు పందేల్లో వాడేది. జైలు ఖైదీలకు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు.

మా ఊళ్ళో ఇప్పటికీ నేను మస్కట్ పోయొచ్చాననే అంటారు. మా కడప జిల్లా వైపు ఒమన్ మొత్తానికీ ఆ ఒక్క పేరే. నిజానికి నేను చూసిన మస్కట్ ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే తలుపు, దాని ముందు ఆగిన కారు, అంతే. ఆ కారు బోడికొండల మధ్య నుంచి తీసుకెళ్ళి నన్ను నిజ్వాలో ఒక రెండంతస్తుల తెల్ల ఇంటి ముందు దించింది. మనిషి కంటే ఎత్తైన గోడ, ఇనుప గేటు. గేటు మూసిన చప్పుడు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత దాన్ని మళ్ళీ మళ్ళీ వినడమే తప్ప తెరిచే పని నాకు పెద్దగా పడలేదు.

ఇంట్లో సార్ ఏదో ఆఫీసులో ఉద్యోగి, మేడం బడిలో టీచరు. ఇద్దరు పిల్లలు. నన్ను తెచ్చింది వాళ్ళెవరి కోసమూ కాదు, సార్ వాళ్ళ నాన్న కోసం. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆయన్ని బాబా అనేదాన్ని. స్నానం చేయించడం, తినిపించడం, చక్రాల కుర్చీలో వరండాలోకి తేవడం, లోపలికి తీసుకెళ్ళడం నా డ్యూటీ. కాంట్రాక్టు రెండేళ్ళు. పాస్‌పోర్టు సార్ బీరువాలో ఉంటుంది. ఎందుకని అడిగితే, జాగ్రత్తగా ఉంటుందని చెప్పారు. నిజమే, మూడేళ్ళూ చాలా జాగ్రత్తగా ఉంది.

నా మొగుడి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఉన్నాడు, లేనట్టే. నేను విమానం ఎక్కినప్పుడు నా కూతురికి ఐదేళ్ళు. మా అక్క దగ్గర వదిలి వచ్చాను.

ఇక ఆ వాచీ కథ. పక్కింట్లో గోదావరి వైపు మనిషి ఒకామె పని చేసేది. వీధి చివర మున్సిపాలిటీ వాళ్ళు పెట్టిన పెద్ద చెత్తడబ్బా దగ్గర పొద్దున పూట ఇద్దరం కలిసేవాళ్ళం. తెలుగు మాట చెవిన పడితే కాళ్ళు కదలవు కదా. ఒకరోజు మేడం మేడ మీద నుంచి చూసింది. చెత్త పారేయడానికి పావుగంట పట్టదని, ఇకపై నాలుగు నిమిషాల్లో రావాలని చెప్పింది. వరండాలో కూర్చునే మామగారికి కాపలా పని అప్పజెప్పింది.

మేడం అన్నది మామూలు మాట. బాబాకి మాత్రం అది పోయిన ఉద్యోగం తిరిగి వచ్చినట్టయింది. నన్ను తన గదిలోకి పంపి, అల్మారా అడుగు నుంచి ఒక చెక్కపెట్టె తెప్పించాడు. మెత్తటి బట్టలో చుట్టిన స్టాప్‌వాచీ అందులో ఉంది. అరచేతిలో పట్టేంత వెండిరంగు బిళ్ళ, తెల్లటి ముఖం, ఒకదాని మీద ఒకటి రెండు పొడవాటి ముళ్ళు. ముఖం మీద కంపెనీ పేరు ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను, వాళ్ళేమీ నా చుట్టాలు కాదు, నేను ప్రచారం చెయ్యడానికి.

బాబా వయసులో ఉన్నప్పుడు మస్కట్‌లో దొరల గారేజీలో పని చేశాడు. సెలవు రోజుల్లో ఆ దొరలు సముద్రపొడ్డు ఇసకలో కార్ల పందేలు పెట్టుకునేవాళ్ళట. టైము చూసే పని ఈయనకిచ్చారు. చేతిలో ఒక చెక్కపలక, పలకకు బిగించిన వాచీలు, మెడలో పెన్సిలు. దేశం విడిచి వెళ్ళేటప్పుడు ఒక దొర ఈ వాచీని ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు. గారేజీలో హైదరాబాదీ మెకానిక్‌ల దగ్గర నేర్చుకున్న హిందీ ఆయనకు ఇంకా గుర్తుంది. నా వచ్చీ రాని అరబ్బీ, నోరు వంకర పోయాక మిగిలిన ఆయన హిందీ కలిపి మాకొక భాష తయారైంది. అది ఆ ఇంట్లో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు.

పక్షవాతం కంటే ముందే ఆయన కళ్ళకు పొర కమ్మింది. కారును, మనిషిని గుర్తుపడతాడు గాని వాచీ మీది సన్నటి గీతలు కనపడవు. అందుకని ఎడమ చేత్తో ఆయన నొక్కేవాడు, నేను గేటు దాటి వెళ్ళేదాన్ని, తిరిగొచ్చి గడప తొక్కగానే మళ్ళీ నొక్కేవాడు. ఆ వాచీని నా చేతికే ఇచ్చి చదవమనేవాడు. నేను చెప్పింది మనవడి పాత నోటుబుక్కులో ఎడమచేతి వంకర అంకెల్లో రాసుకునేవాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. అయినా మొదట్లో నేను అబద్ధం చెప్పలేదు. మూడు నిమిషాల నలభై, మూడు యాభై రెండు, ఉన్నది ఉన్నట్టే చదివేదాన్ని.

నేను బయల్దేరేటప్పుడు ప్రతిరోజూ ఒకే మాట అనేవాడు. "యల్లా, బింతీ. మలుపు దగ్గర ఇసక ఉంటుంది, చూసుకుని నడువు." యల్లా అంటే ఇక పద అని, బింతీ అంటే నా బిడ్డా అని. ఇసక మీద కార్లు జారిన రోజులు ఆయన తలలోంచి పోలేదు. నా కాళ్ళకేమో అరిగిపోయిన ప్లాస్టిక్ చెప్పులు.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. నాకు తెలివి ఎక్కువైంది. ఊరికే చదివి ఇచ్చేస్తే పోయేదానికి, ఆ రెండో ముల్లు ఎందుకని అడిగాను. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఆ ఇంట్లో అంతకు ముందు లేరు. ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు ముళ్ళూ కలిసి పరిగెడతాయి, పక్కనున్న మీట నొక్కితే ఒకటి ఆగుతుంది, ఆగినదాన్ని చదివి మళ్ళీ నొక్కితే అది ఎగిరి వెళ్ళి పరిగెత్తేదాన్ని పట్టుకుంటుంది. నాతో పదిసార్లు చేయించాడు. నాకు సరదా పుట్టింది, దాచుకోను. బట్టలు, గిన్నెలు, మలమూత్రాలు తప్ప ఇంకొక పని నా చేతికి వచ్చి ఎన్నాళ్ళయిందో.

అప్పటి నుంచి రోజూ పాఠమే. ఆ కంపెనీ చరిత్ర నాకు మా వంశచరిత్ర కంటే బాగా వచ్చేసింది. కార్లు కొత్తగా వచ్చిన కాలంలోనే డ్రైవరు ముందు బిగించే గడియారాలు చేశారట. సెకనును నూరు ముక్కలు చేసే వాచీ చేశారట. ఎక్కడో మెక్సికో కొండల్లో జరిగిన పందెం పేరు ఒక చేతివాచీకి పెట్టారట, ఆ పందెంలో ఎంతమందో పోయారు. ఎర్ర కార్ల జట్టుకు టైము చూసి పెట్టి, దాని డ్రైవర్లకు బంగారు వాచీలిచ్చి, వెనకవైపు పేరుతో పాటు రక్తం గ్రూపు కూడా చెక్కించేవాళ్ళట.

"రక్తం ఎందుకు బాబా?" అన్నాను.

"కారు తిరగబడితే ఎవరి రక్తం ఎక్కించాలో తెలియాలి కదా."

మెడికల్‌లో నా రక్తం కూడా తీసుకున్నారని, ఆ కాగితం కూడా సార్ బీరువాలోనే ఉందని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు.

ఆయనకు బాగా ఇష్టమైన కథ ఇంకొకటుంది. ఆ కంపెనీ యజమాని ఇంటి కుర్రాడు తానే ఒక పందెంలో డ్రైవరు పక్కన కూర్చుని దారి, టైము చెబుతున్నాడు. తమ కంపెనీ గడియారాన్నే ఒక నిమిషం తప్పు చదివాడు. మొదటి స్థానం పోయింది. "కళ్ళను తిట్టుకోలేదు, మనిషిని తిట్టలేదు. ఇంటికెళ్ళి, తప్పు చదవడానికి వీల్లేని గడియారం చేశాడు" అనేవాడు బాబా.

వృత్తి ధర్మాలు కూడా రెండు చెప్పాడు. మొదటిది, అబద్ధపు టైము చెప్పినవాడి చేతికి మళ్ళీ వాచీ ఇవ్వకూడదు. బావమరిది కారుకు రెండు సెకన్లు తగ్గించి చెప్పిన తన స్నేహితుణ్ణి దొరలు ఆ సాయంత్రమే పంపించేశారట. రెండోది, తిరిగి రాని కారుకు టైము రాయకూడదు, ఆ చోట గీత గీయాలి. కాని గీత గీసే ముందు మనిషిని పంపి వెతికించాలి. "ఏమయ్యాడో తెలుసుకోకుండా గీత గీసినవాడు మనిషే కాదు" అన్నాడు.

రెండేళ్ళు నిండాయి. మేడం దగ్గరికెళ్ళి ఇంటికి పోతానన్నాను. కొత్త మనిషి రాగానే వెళ్దువుగాని అంది. కొత్త మనిషి వచ్చింది, ఆఫ్రికా నుంచి, నాలుగు భాషలొచ్చిన చురుకైన పిల్ల. బాబా ఆమె చేతి ముద్ద ఉమ్మేశాడు. ఆమెను ఏజెన్సీకి తిప్పి పంపారు. తర్వాత శ్రీలంక నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె వాచీని తుడుస్తూ బల్ల మీద బోర్లా పెట్టిందని ఆ రోజంతా గోల చేశాడు. ఆమె కూడా పోయింది. "చూశావా, నువ్వు తప్ప ఆయనకెవరూ పనికిరారు" అని మేడం నా భుజం తట్టింది. సన్మానం చేసినట్టే తట్టింది.

ఆ సంగతి చెత్తడబ్బా దగ్గర గోదావరి ఆమెకు చెప్పాను. ఆమె సంచి పారేసి చేతులు దులుపుకుంది.

"నిన్ను గోడ ఆపట్లేదే పిచ్చిదానా, ఆ ముసలాయన ముద్దు ఆపుతోంది. గోడైతే దూకొచ్చు. దీన్నేం చేస్తావ్?"

కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలిసింది. పని ఎగ్గొట్టేవాళ్ళు రెండేళ్ళకు ఇంటికి పోతారు. మనసు పెట్టి చేసినందుకు నాకు శిక్ష పొడిగించారు. బాబాను చూస్తే కోపం వచ్చేది, వెంటనే కోపం వచ్చినందుకు సిగ్గేసేది. స్నానం చేయిస్తుంటే ఆయన బాగున్న చెయ్యి నా తల మీద పెట్టి ఏదో దీవెన చదివేవాడు. ఆ చెయ్యి తీసి అవతల పారేయాలనిపించిన రోజులున్నాయి.

రెండేళ్ళు దాటిన ఏడో నెలలో, ఒక శుక్రవారం ఫోన్ చేస్తే నా కూతురు తీసింది. "ఎవరు పాపా?" అని లోపలి నుంచి మా అక్క అడిగింది. "అమ్మా, మస్కటమ్మ చేసింది" అని అది కేకేసింది. అక్కను అమ్మా అని పిలిచింది. నేను మస్కటమ్మను. ఇంకొక్క ఏడాది ఆగితే మస్కటమ్మ చివరున్న ఆ అమ్మ కూడా ఊడిపోతుంది. ఇక ఏది చేసైనా ఈ గేటు దాటాలనుకున్నాను.

గేటుకు తాళం బాబా కాబట్టి, బాబాకి నా మీద మనసు విరగాలి. తిట్టనా? తిడితే నవ్వుతాడు. ముద్ద మాడ్చి పెట్టనా? తింటాడు. అప్పుడు ఆయన చెప్పిన ధర్మమే గుర్తొచ్చింది. అబద్ధపు టైము చెప్పినవాడి చేతికి మళ్ళీ వాచీ ఇవ్వకూడదు.

మర్నాడు పొద్దున రౌండు వేసి వచ్చాను. ముల్లు మూడు నలభై ఐదు మీద ఉంది. "రెండు పది" అన్నాను. ఆయన పెన్సిలు ఆగింది. తర్వాత రాసుకున్నాడు. రెండో రోజు "ఆరు" అన్నాను. మూడో రోజు మరీ తెగించి "తొమ్మిది నిమిషాలు" అన్నాను. సెకనుకు ఐదు టిక్కులు లెక్కపెట్టగల చెవులాయనవి, నా అబద్ధం తెలియకపోవడమా?

ఆయన రాయలేదు. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. నేను తిట్టు కోసం కాచుకుని నిలబడ్డాను. తిట్టు కూడా ఒక దారేగా, ఎయిర్‌పోర్టు వైపు.

"నీ తప్పు కాదు, బింతీ" అన్నాడు. "యజమాని కొడుకే తప్పు చదివాడు. చదివే మనిషిలో లోపం ఉండదు. వాచీకి ఒంట్లో బాగాలేదు."

ఆ సాయంత్రం సార్‌ను పిలిచి వాచీని మస్కట్‌లో మంచి మెకానిక్‌కు చూపించమన్నాడు. అది వచ్చేదాకా రౌండు లేదన్నాడు. టైము చూడకుండా పంపితే నన్ను మేడం అనుమానిస్తుందని ఆయన భయం, నా మంచికే. పదకొండు రోజులు చెత్త సారే పారేసి వచ్చాడు. నాకున్న నాలుగు నిమిషాలు కూడా పోయాయి. వరండా గచ్చు మీద నిలబడి గేటు సందులోంచి వీధిని చూసేదాన్ని. అవతల నుంచి గోదావరి ఆమె చెప్పుల చప్పుడు వినిపించేది. ఏడుపు వచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

వాచీ తిరిగొచ్చిన రోజు సార్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన అలా రావడం అదే మొదటిసారి.

"మెకానిక్ నవ్వాడు. అరసెకను కూడా తేడా లేదట. నువ్వెందుకు తప్పు చదివావు?"

చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టాను. "ఇంటికి పోవాలని చదివాను సార్. రెండేళ్ళని తెచ్చారు. మూడేళ్ళు కావస్తోంది. నా బిడ్డ నన్ను మరిచిపోతోంది."

"నాన్న నిన్ను పోనివ్వడు. నువ్వే చూస్తున్నావుగా."

"పాస్‌పోర్టు మీ నాన్న దగ్గర లేదు సార్. మీ బీరువాలో ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. నా పని అయిపోయిందనుకున్నాను. కాని ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. చెడ్డ మనిషి కాదు, తన సుఖం కోసం కళ్ళు మూసుకున్న మంచి మనిషి. అలాంటివాళ్ళ ఇళ్ళల్లోనే మనం ఎక్కువ కాలం ఇరుక్కుపోతాం.

నెలలోపు మా జిల్లా పిల్లనే ఒకదాన్ని రప్పించారు. ఇరవై ఐదేళ్ళుంటాయి. బాబా ముందు పడకుండా మూడు రోజులు వెనక గదిలో ఉంచి నేనే అన్నీ నేర్పాను. ముద్ద ఎంత మెత్తగా కలపాలి, చెయ్యి ఎటు నుంచి పట్టాలి, రెండు ముళ్ళ వాచీ ఎలా చదవాలి. "ఉన్నదున్నట్టు సదువు, నా మాదిరి తెలివి సూపియ్యాకు" అని చెప్పాను. ఆ పిల్లకు అర్థం కాలేదు.

బాబాకి మాత్రం చెప్పకూడదన్నారు. చెబితే తట్టుకోలేడు, నువ్వు వెళ్ళాక మెల్లగా మేం చెబుతాం అంది మేడం. మరి నేనెలా వెళ్ళాలి? దానికీ వాళ్ళే దారి చూపించారు. పొద్దున ఎప్పటిలాగే చెత్తసంచి పట్టుకుని బయల్దేరాలి. నా పెట్టెతో సార్ కారు మలుపు అవతల ఉంటుంది.

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే పాస్‌పోర్టు మళ్ళీ బీరువాలోకి పోతుందేమోనని భయం.

ఆ పొద్దున ఆయన తల దువ్వాను. వాచీ తెచ్చి ఎడమ చేతిలో పెట్టాను. ఎప్పుడూ లేనిది, ఆయన వేళ్ళను నా వేళ్ళతో మూసి పట్టుకున్నాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మేడ మీద కిటికీలో మేడం నిలబడి ఉంది.

"యల్లా, బింతీ. మలుపు దగ్గర ఇసక ఉంటుంది, చూసుకుని నడువు."

టక్కుమని నొక్కాడు. నేను నడిచాను. సంచిని డబ్బాలో వేశాను. రోజూ వెనక్కి తిరిగే చోట తిరగకుండా ముందుకు వెళ్ళి కారెక్కాను. నాలుగు నిమిషాలు ఎప్పుడు నిండాయో నాకు తెలుసు. అప్పటికి కారు ఇంకా ఊరు దాటలేదు. మూడేళ్ళు ఆ గేటు అవతల పడదామని చచ్చాను. అవతల పడ్డాక, చేతిలో వాచీతో వరండాలో కూర్చున్న మనిషి తప్ప నాకేమీ కనపడలేదు.

ఇంటికి వచ్చాను. నా కూతురు మొదటి పది రోజులు అక్క కొంగు వదల్లేదు. ఆ తర్వాత మస్కటమ్మా అని పిలుస్తూనే నా పక్కలో పడుకోవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు మాన్పించడానికి నేను తొందరపడటం లేదు.

రెండు నెలలకు ఆ కొత్త పిల్ల ఫోన్ చేసింది. బాబా బాగున్నాడని, తను పెట్టే ముద్ద తింటున్నాడని చెప్పింది. నువ్వు ఊరికి పోయావని మేడం వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మడంలేదంది. అవతల చెత్త బండి చప్పుడు వినిపిస్తోంది. ఆ పిల్ల బయట నిలబడి మాట్లాడుతోందని అప్పుడు గమనించాను.

"నాలుగు నిమిషాల్లో పోవాల కదమ్మీ, బయట నిలబడుకోని ఫోన్ మాట్లాడతాండావే?"

"నాకు టైము లెక్క లేదక్కా. ఆ వాచీ నాకు పెట్టడు. నువ్వు పోయినపొద్దు బుక్కులో నీ జాగా కాళీగా ఇడిసిపెట్టినాడంట. గీత గీసెయ్ బాబా అని సారు చెప్తే, యెతక్కుండా గీత గీసేది యాడన్నా ఉందా అన్యాడంట. దినమ్మూ నన్ను మలుపు దాకా పొమ్మంటాడు. నిదానంగా యెతికి రా, తొందర పడాకు అంటాడు. గంటసేపైనా ఏమనడు. ఇప్పుడు గూడా దానికే వచ్చినా. పోయి ఏం చెప్పాలక్కా?"

మలుపు దగ్గర ఇసక ఉంటాది, చూసుకోని నడువమ్మీ అన్నాను.